పాత డీజిల్ రైలింజన్లు: నిలిపి ఉంచడంలోని కష్టం, నడిపించడంలోని శాస్త్రం

కువైట్ దేశంలో నేటికీ రైలుమార్గం లేదు. అయినా ఖైతాన్ వీధులలో నివసించే తెలుగువారిలో చాలమంది ప్రవాస జీవితం ఒక డీజిల్ రైలింజను కూతతోనే ఆరంభమైంది. కోడూరు, రాజంపేట, కడప స్టేషన్లలో పెట్టె పట్టుకుని రైలెక్కి, గుత్తి, గుంతకల్లు, రాయచూరు, వాడి మీదుగా బొంబాయి చేరి, అక్కడ విమానమెక్కినవారు ఒక తరమంతా ఉన్నారు. ఆ మార్గంలో దశాబ్దాలపాటు వారిని లాగుకుని పోయినది డబ్ల్యు.డి.ఎం.-2 అనే డీజిల్ ఇంజను. పొడవైన ముక్కు, ఒక మూలకు క్యాబిను, కదిలేటప్పుడు ఒక్కసారిగా ఎగసే నల్లని పొగ, నిలిచి ఉన్నప్పుడు కుంటుతూ నడిచే గుర్రపు డెక్కల వంటి చప్పుడు. ఇవి చెబితే చాలు, ఆ కాలపు ప్రయాణికులు దానిని గుర్తుపట్టగలరు.

ఆ ఇంజన్లు ఇప్పుడు మ్యూజియం వస్తువులవుతున్నాయి. భారతదేశపు బ్రాడ్‌గేజి మార్గాలు దాదాపు పూర్తిగా విద్యుదీకరణ పొందాయి. డీజిల్ షెడ్డులు పలుచోట్ల విద్యుత్ ఇంజన్ల నిర్వహణకు మారాయి. పాత డీజిల్ ఇంజన్లలో అత్యధిక భాగం తుక్కు కింద అమ్ముడుపోగా, కొన్ని మాత్రం స్టేషన్ల ముందు దిమ్మెలపైన, మ్యూజియం ఆవరణలలోను మిగిలాయి. వాటికి ఏటేటా రంగు వేస్తారు, పూలదండ వేస్తారు, పిల్లలను ముందు నిలబెట్టి ఫొటోలు తీస్తారు. రంగు పూతను పరిరక్షణ అనుకోవడం సులభమే. అయితే డీజిల్ ఇంజను విషయంలో ఆ పొరపాటుకు చెల్లించవలసిన మూల్యం ఎక్కువ. ఎందుకనగా అది బయటినుంచి గాక లోపలినుంచి నశిస్తుంది.

ఆవిరి ఇంజనుకు, డీజిల్ ఇంజనుకు ఇక్కడే ప్రధానమైన తేడా ఉన్నది. ఆవిరి ఇంజనులో కదిలే భాగాలలో అధికం కంటికి కనబడతాయి. కడ్డీలు, చక్రాలు, పిస్టను రాడ్లు బయటనే ఉంటాయి. బాయిలరు గొట్టాలు పోతే కొత్తవి బిగించవచ్చు. ఒక కడ్డీ విరిగితే కొలిమిలో కాల్చి, సుత్తితో సాగదీసి, తిరిగి చేయవచ్చు. 1855లో తయారైన ‘ఫెయిరీ క్వీన్’ను భారతీయ సాంకేతికులు 1997లో మళ్ళీ పట్టాలపై నడిపించగలిగారంటే అందుకు ఈ సరళతే కారణం. డీజిల్ ఇంజను అటువంటిది కాదు. దానిలో వెంట్రుకవాసి సందులతో అమరిన ఇంధన పంపులు, రాగితీగ చుట్టలు, రబ్బరు సీళ్ళు, వందలాది విద్యుత్ సంధులు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటీ కమ్మరి కొలిమిలో తయారయ్యేది కాదు. ఆవిరి ఇంజనుకు ఆప్తుడు కమ్మరి అయితే, డీజిల్ ఇంజనుకు ఆప్తులు ముగ్గురు కావాలి: యంత్రాల ఫిట్టరు, విద్యుత్ ఫిట్టరు, ప్రయోగశాలలో నూనెను పరీక్షించే రసాయన శాస్త్రజ్ఞుడు.

ఆల్కో వంశవృక్షం

భారతదేశంలో ప్రధాన మార్గాల డీజిల్ యుగం 1957లో అమెరికాలోని ఆల్కో సంస్థ నుంచి దిగుమతి అయిన డబ్ల్యు.డి.ఎం.-1 ఇంజన్లతో మొదలైంది. అటువంటివి నూరు వచ్చాయి. వాటిలో మొదటిదైన 17000 సంఖ్య గల ఇంజను ఢిల్లీ చాణక్యపురిలో 1977లో ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియంలో చోటు చేసుకున్నది. అనంతరం 1962లో రెండు అమెరికన్ సంస్థల ఇంజన్లు దాదాపు ఒకే కాలంలో వచ్చాయి. ఆల్కో పంపినది డబ్ల్యు.డి.ఎం.-2, జనరల్ మోటార్స్ పంపినది డబ్ల్యు.డి.ఎం.-4. రెండింటి శక్తీ 2600 అశ్వశక్తులే. యంత్రంగా రెండవదే మేలని మెచ్చుకున్నవారు అప్పట్లో తక్కువేమీ కాదు. అయితే తయారీ విజ్ఞానాన్ని భారతదేశానికి అప్పగించడానికి ఆల్కో అంగీకరించింది గనుక పందెం ఆల్కోదే అయింది. వారణాసిలోని డీజిల్ ఇంజన్ల కర్మాగారం నుంచి తొలి డబ్ల్యు.డి.ఎం.-2 1964 జనవరిలో బయటికి వచ్చింది.

తరువాతి చరిత్రలో ఒక వింత ఉన్నది. పుట్టిల్లయిన ఆల్కో 1969లో అమెరికాలో రైలింజన్ల తయారీని మూసివేసింది. అత్తవారింట మాత్రం ఆ సంతతి పెరుగుతూనే పోయింది. వారణాసి కర్మాగారం 1990ల చివరి వరకు ఈ నమూనాను రెండువేలకు మించిన సంఖ్యలో తయారుచేసింది. దాని సంస్కరించిన రూపాలను అటు తరువాత కూడా తయారుచేసింది. పాటియాలాలో 1981లో నెలకొల్పిన కర్మాగారం పాత ఇంజన్లను విప్పి కొత్త చేయడానికి, విడిభాగాలు తయారుచేయడానికి ఏర్పడినదే. నేడు అమెరికాలోని పెన్సిల్వేనియాలో, స్క్రాంటన్ పట్టణం చుట్టుపక్కల చిన్న రైలు సంస్థ ఒకటి ఆల్కో ఇంజన్లతోనే సరకు రవాణా సాగిస్తున్నది. ఆల్కో అభిమానులు దూరదేశాల నుంచి అక్కడికి పోయి వాటిని చూసి వస్తారు. మనవారికి అది గుత్తి షెడ్డులోనో, కాజీపేట షెడ్డులోనో నిత్యం కనబడిన దృశ్యం. అందుకే కాబోలు, దానిని చూడదగినదని ఎవరూ అనుకోలేదు.

తెలుగునేలపై ఈ ఇంజన్ల చరిత్ర చిన్నది కాదు. విశాఖపట్నం, కాజీపేట, గుత్తి, గుంతకల్లు, విజయవాడ, మౌలాలి షెడ్డులలో వేలాది కార్మికులు వీటి మీదనే పని నేర్చుకున్నారు. ఆవిరి ఇంజన్ల కాలంలో పేరుపొందిన నందలూరు షెడ్డు ఆ యుగంతోపాటే ముగిసిపోగా, అక్కడి పనివారి సంతతిలో కొందరు డీజిల్ షెడ్డులకు చేరారు. కొత్తవలస–కిరండూల్ మార్గంలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల చివరినుంచి ఈ డీజిల్ ఇంజన్లే శ్రమపడ్డాయి. ఆ మార్గంలో శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 997 మీటర్ల ఎత్తున ఉన్నది. ఖనిజం నిండిన బండి అక్కడినుంచి తీరానికి దిగాలి. ఒక టన్ను బరువు వెయ్యి మీటర్లు దిగితే సుమారు 2.7 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి విడుదలవుతుంది. వేల టన్నుల బండిలో ఆ శక్తినంతటినీ బ్రేకు దిమ్మెల రాపిడికే వదిలితే చక్రాలు ఎర్రగా కాలిపోతాయి. అటువంటి చోట డైనమిక్ బ్రేకు అనే ఏర్పాటు ఆదుకుంటుంది. దిగేటప్పుడు చక్రాలను తిప్పే మోటార్లే జనరేటర్లుగా మారి, పుట్టిన విద్యుత్తును ఇంజను పైభాగంలోని నిరోధక పలకలకు పంపి, వేడిగా గాలిలో కలిపివేస్తాయి. మ్యూజియంలో ఏళ్ళ తరబడి నిలిచిన ఇంజన్లలో ఈ పలకల మధ్యనే పిచ్చుకలు గూళ్ళు కట్టడం, ఎండుటాకులు పేరుకోవడం తరచుగా కనబడుతుంది.

లోపల జరిగేది ఏమిటి?

డబ్ల్యు.డి.ఎం.-2 బరువు 112.8 టన్నులు. ఆరు ఇరుసులు, ఒక్కొక్క ఇరుసుకు ఒక మోటారు. దాని గుండె ‘251-బి’ అనే పదహారు సిలిండర్ల ఇంజను. సిలిండర్లు ఎనిమిదేసి చొప్పున ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో రెండు వరుసలుగా అమరి ఉంటాయి. సిలిండరు వ్యాసం 9 అంగుళాలు, పిస్టను నడక పదిన్నర అంగుళాలు. అనగా ఒక్క సిలిండరు ఘనపరిమాణమే సుమారు 11 లీటర్లు. ఖైతాన్ వీధులలో తిరిగే మధ్యతరగతి కారు మొత్తం ఇంజను రెండు లీటర్లకు మించదు. పిస్టను పైకి వచ్చినప్పుడు గాలి పన్నెండున్నర రెట్లు కుదించుకుపోయి సుమారు 500 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది. ఆ వేడిలోనికి డీజిలును తుంపర్లుగా చిమ్మితే అది తనంతట తానే మండుతుంది. స్పార్కు ప్లగ్గు అవసరం లేదు.

ఇంజను నేరుగా చక్రాలను తిప్పదు. అది ఒక పెద్ద జనరేటరును తిప్పుతుంది; జనరేటరు విద్యుత్తును మోటార్లకు ఇస్తుంది; మోటార్లు చక్రాలను తిప్పుతాయి. అందుచేత దీనిని డీజిల్-విద్యుత్ ఇంజను అనడమే శాస్త్రీయం. డ్రైవరు చేతిలోని మీటకు ఎనిమిది మెట్లు ఉంటాయి. మెట్టు పెంచినకొలదీ గవర్నరు అనే నియంత్రకం ఇంధన పంపుల పళ్ళకడ్డీలను జరిపి ఇంధనాన్ని హెచ్చిస్తుంది. ఎనిమిదవ మెట్టులో ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంది. ఇంధనం వెంటనే పెరుగుతుంది గాని, పొగ వేగంతో తిరిగే టర్బో యంత్రం ఊపందుకుని తగినంత గాలిని నింపడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ వ్యవధిలో ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ. ఆల్కోకు పేరు తెచ్చిన నల్లపొగ అదే. చూడడానికి గంభీరంగా ఉండే ఆ పొగ నిజానికి అసంపూర్ణ దహనానికి సాక్ష్యం. మ్యూజియం సందర్శకులు చప్పట్లు కొట్టేదీ, షెడ్డు ఫోర్‌మను మొగం చిట్లించేదీ దానిని చూసే.

ఇటువంటి యంత్రం పదేళ్ళు కదలక నిలిచిపోయిందనుకుందాం. మొదటి కొన్ని వారాలలోనే సిలిండరు గోడలపైని నూనె పొర కిందికి జారిపోతుంది. పగటి వేడికి, రాత్రి చల్లదనానికి లోపలి గాలి ఊపిరి తీసినట్లు వచ్చిపోతూ, తేమను లోహంపై మంచుబిందువులుగా వదులుతుంది. విశాఖ వంటి తీరప్రాంతంలో ఆ తేమతో ఉప్పు కూడా వస్తుంది. పిస్టను రింగులు తుప్పు పట్టి గోడకు అతుక్కుంటాయి. సిలిండరు లైనర్ల అడుగున నీటిని ఆపే రబ్బరు వలయాలు ఎండి, బీటలు వారి, చల్లబరచే నీరు చుక్కచుక్కగా నూనె తొట్టిలోనికి దిగుతుంది. ఇంధన టాంకు అడుగున చేరిన నీటికి, డీజిలుకు మధ్య ఉండే సరిహద్దులో సూక్ష్మజీవులు పెరిగి, జిగురు వంటి మడ్డి కడుతుంది. జనరేటరు చుట్టలపైని నిరోధక పూత తేమను పీల్చుకుంటుంది. కార్బన్ బ్రష్షులు ఆనిన చోట రాగి పలకలపై మచ్చలు పడతాయి. ఎలుకల సంగతి వేరే చెప్పనక్కరలేదు. తీగల తొడుగులంటే వాటికి మక్కువ.

ఇందులో ఎడారివాసులకు ఒక ఊరట ఉన్నది. తేమ తక్కువైన చోట తుప్పు మందగిస్తుంది. వాడని విమానాలను అమెరికా ఎడారులలో నిలిపి ఉంచడానికి కారణం ఇదే. అయితే కువైట్ వర్క్‌షాపులలో పనిచేసే మెకానిక్కులు ఎరిగినట్లు, ఎడారి తేమను మిగిల్చినా ధూళిని మిగల్చదు. ఎండకు రబ్బరు మరింత త్వరగా పెళుసుబారుతుంది.

మీట నొక్కకముందు

పాత ఇంజనును పునరుద్ధరించబూనినవారు ముందుగా నేర్వవలసిన పాఠం దానిని స్టార్టు చేయకపోవడం. కొత్త బ్యాటరీలు పెట్టి, ‘ఒక్కసారి తిప్పి చూద్దాం’ అనే ఉత్సాహమే ఎన్నో ఇంజన్లను శాశ్వతంగా చంపివేసింది. ఎలాగో ఒక లెక్కతో చూడవచ్చు. పిస్టను పూర్తిగా పైకి వచ్చినప్పుడు 251 ఇంజనులో మిగిలే ఖాళీ ఒక లీటరుకు కొంచెం తక్కువ. పొగగొట్టం ద్వారా పడిన వాననీరో, బీటలు వారిన సిలిండరు హెడ్డునుంచి కారిన నీరో ఒక్క లీటరు లోపల ఉన్నదంటే పిస్టను పైకి రావడానికి చోటు లేనట్లే. గాలి కుదించుకుంటుంది గాని నీరు కుదించుకోదు. ఈ రకపు ఇంజనును స్టార్టు చేయడానికి ప్రధాన జనరేటరునే కాసేపు మోటారుగా మార్చి బ్యాటరీలతో తిప్పుతారు. అంత బలమైన మోటారు వదలకుండా తిప్పితే ఒంగిపోయేది కనెక్టింగు రాడ్డు. అది ఒంగితే పగిలేది ఇంజను దిమ్మె. మంచినీళ్ళ సీసాకు సరిపోయే నీటితో నూటపన్నెండు టన్నుల ఇంజను తుక్కయిపోతుంది.

కనుక పని ఓపికగా, ఒక వరుసలో సాగాలి. అన్నింటికన్న ముందు నూనె నమూనాను సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపాలి. షెడ్డులలో ‘స్పెక్ట్రో’ అని పిలిచే వర్ణపట పరీక్షలో నూనెలోని లోహాలు పది లక్షల భాగాలలో ఎన్ని భాగాలున్నదీ తెలుస్తుంది. సీసం, రాగి ఎక్కువైతే బేరింగులు అరిగాయన్నమాట. ఇనుము ఎక్కువైతే లైనర్లో, రింగులో. చల్లబరచే నీటిలో కలిపే రసాయనపు జాడ కనబడితే నీరు నూనెలో కలుస్తున్నదన్నమాట. వైద్యుడు రక్తపరీక్ష చూసి రోగాన్ని ఊహించడం వంటిదే ఇది. పాత ఇంజన్ల నీటిలో ఒకప్పుడు క్రోమేటు లవణాలు కలిపేవారు. అవి తుప్పును బాగా ఆపేవి గాని విషపదార్థాలు. తరువాతి కాలంలో బోరేటు, నైట్రైటు మిశ్రమాలు వాటి స్థానంలోకి వచ్చాయి. పాత నీటిని మురుగుకాలువలో పారబోయకుండా జాగ్రత్త పడాలి. పొగగొట్టాల చుట్టూ, విద్యుత్ స్విచ్చుల చుట్టూ ఉన్న ఆస్‌బెస్టాసు పొరలను శిక్షణ పొందినవారు తప్ప ఇతరులు ముట్టుకోరాదు.

తరువాత ఇంజను పక్కనున్న తలుపులు విప్పి, దీపం వేసి క్రాంకు గదిని చూడాలి. అడుగున మెరిసే లోహపు పొట్టు కనబడితే బేరింగు పోయినట్లే. ఏమీ లేకుంటే నీటి వ్యవస్థను నింపి, ఒత్తిడి పెట్టి, గంటల తరబడి వేచి చూడాలి. ఏ లైనరు కింద చుక్క వేలాడుతున్నదో, దాని రబ్బరు వలయాలు మార్చాలి. పదహారింటిలో ఒకటి కారితే మిగిలిన పదిహేను కూడా అదే వయస్సువని మరవరాదు. ఒక్కదానినే మార్చి పొదుపు చేశామనుకున్నవారు అదే పనిని పలుమార్లు చేయవలసి వస్తుంది.

అటుపైన పంపుతో నూనెను బేరింగులన్నిటికీ చేర్చి, ప్రతి సిలిండరుకూ ఉండే పరీక్షా రంధ్రాన్ని తెరిచి, ఇంజనును చేతితో, పొడవాటి కడ్డీ సాయంతో, అంగుళం అంగుళంగా తిప్పాలి. రంధ్రంనుంచి గాలి వస్తే శుభం. నీరు వస్తే అక్కడే ఆగాలి. అసలు తిరగనే తిరగకపోతే రింగులు అతుక్కున్నాయని అర్థం. అప్పుడు సిలిండర్లలో పలుచని చొచ్చుకుపోయే నూనె పోసి వారాలపాటు నాననివ్వడమే మార్గం. జాకీలు పెట్టి బలవంతం చేయడం తొందరపాటు. పూర్తిగా రెండు చుట్లు తిరిగిన తరువాతనే, అనగా నాలుగు ఘాతాల చక్రం ప్రతి సిలిండరులోను ఒకసారి ముగిసిన తరువాతనే, తక్కిన పనులకు పూనుకోవచ్చు.

విద్యుత్ భాగాల సంగతి వేరు. చుట్టల నిరోధకతను మెగ్గరుతో కొలుస్తారు. తేమ పీల్చిన చుట్ట తక్కువ విలువ చూపుతుంది. అంతమాత్రాన అది కాలిపోయినట్లు కాదు. సన్నని వేడిగాలిని రోజుల తరబడి పంపి, రోజూ కొలత రాసుకుంటూ పోతే విలువ మొదట ఇంకా పడిపోయి, పిదప పైకి లేస్తుంది. మొదటి తగ్గుదలను చూసి భయపడి చుట్టను విప్పిన సందర్భాలు ఉన్నాయి. లోపలి తేమ బయటికి రావడమే ఆ తగ్గుదలకు కారణమని తెలిసినవాడు ఓర్చుకుంటాడు. పెళుసుబారిన రబ్బరు తీగల విషయంలో మాత్రం ఓర్పు పనికిరాదు, మార్చవలసిందే. పాత డీజిల్ ఇంజన్లలో అగ్నిప్రమాదానికి నూనె మరకలు, బీటలు వారిన తీగలు కలిసిన చోటే పుట్టిల్లు.

చిట్టచివరి పరీక్ష ఇంధన కడ్డీలది. పంపుల పళ్ళకడ్డీలు మడ్డి పట్టి, ఇంధనం ఎక్కువగా వదిలే స్థానంలో బిగిసిపోయి ఉండవచ్చు. ఆ స్థితిలో ఇంజను అంటుకుంటే గవర్నరు ఆజ్ఞను వినేవారు లేరు. చుట్లు వెయ్యి దాటి, ఇంకా దాటి, పిస్టన్లు దిమ్మెను చీల్చుకుని బయటికి వచ్చే ప్రమాదం ఉన్నది. అందుకే ప్రతి కడ్డీనీ వేలితో జరిపి చూడాలి. మితిమీరిన వేగాన్ని ఆపే ట్రిప్పు మీటను పరీక్షించాలి. మొదటి స్టార్టు వేళ గాలి వచ్చే ద్వారాన్ని మూయడానికి పలక పట్టుకుని ఒక మనిషి సిద్ధంగా నిలబడాలి. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు గనుక స్విచ్చు ఆపితే ఆగుతుందన్న హామీ లేదు. గాలి ఆపితే మాత్రం ఆగి తీరుతుంది.

నడపడమా, నిలపడమా?

ఇంత శ్రమపడి ఒక ఇంజనుకు ప్రాణం పోసిన తరువాత మ్యూజియంవారిముందు మరొక చిక్కు నిలుస్తుంది. నడుపుతూ ఉంటే భాగాలు అరుగుతాయి. అరిగినవాటి స్థానంలో కొత్తవి పెడుతూ పోతే కొన్నేళ్ళకు చారిత్రక వస్తువు స్థానంలో దాని నకలు మిగులుతుంది. నడపకపోతే పైన చెప్పిన రీతిగా లోపలినుంచి కుళ్ళుతుంది. ఐరోపాలోని వారసత్వ రైల్వేల సమాఖ్య 2005లో స్వీకరించిన రీగా ప్రకటన ఈ చిక్కునే చర్చించింది. నడిపించడం కూడా పరిరక్షణలో భాగమే గాని, మార్చిన ప్రతిదానినీ నమోదు చేయాలని, వీలైనంతవరకు వెనక్కు తిప్పగల మార్పులే చేయాలని ఆ ఆలోచనా విధానం చెబుతుంది. డబ్ల్యు.డి.ఎం.-2 విషయంలో ఇది కేవలం సిద్ధాంతం కాదు. తొలినాటి ఇంజన్లు వాక్యూం బ్రేకులతో నడిచే బండ్లకోసం పుట్టాయి. తరువాత చాలవాటికి గాలి బ్రేకులు అమర్చారు. మ్యూజియంలో దానిని 1960ల రూపానికి తేవాలా, అది చివరిగా పనిచేసిన రూపంలో ఉంచాలా? మొదటిది అందంగా ఉంటుంది. రెండవది నిజాయితీగా ఉంటుంది. గుత్తి ఫిట్టరు తన చేతితో అమర్చిన గొట్టం కూడా చరిత్రలో భాగమే కనుక రెండవదే మేలు.

బ్రిటను అనుభవం ఈ సందర్భంలో ఉపకరిస్తుంది. అక్కడ 1961–62లో 22 ‘డెల్టిక్’ ఇంజన్లు వచ్చాయి. ఒక్కొక్కదానిలో త్రిభుజాకారంలో అమరిన పద్ధెనిమిది సిలిండర్ల ఇంజన్లు రెండు, మొత్తం 3300 అశ్వశక్తులు. అవి 1982 జనవరి 2న చివరి పరుగు తీసిన తరువాత ఆరింటిని అభిమానులు కాపాడుకున్నారు. వారికి ఎదురైన పెద్ద కష్టం విడిభాగాలే. ఆ రకం ఇంజను మొదట నౌకాదళపు వేగపడవలకోసం రూపొందినది కనుక, నౌకాదళం వదిలించుకున్న ఇంజన్లను సేకరించి, వాటి అవయవాలతో వీటిని బ్రతికించుకోవలసి వచ్చింది. ఆల్కోకు నేడు ఆ దుఃస్థితి లేదు. విడిభాగాలు దొరుకుతున్నాయి, పనివారూ దొరుకుతున్నారు. కాని వారణాసి కర్మాగారం 2020లో పేరు మార్చుకుని విద్యుత్ ఇంజన్ల తయారీకి మళ్ళింది. పాత డీజిల్ ఇంజన్లలో కొన్నింటిని అక్కడే విద్యుత్ ఇంజన్లుగా మార్చి, 2019లో రెండు ఇంజన్ల జంటగా పట్టాలెక్కించారు కూడా. షెడ్డులలో ఆల్కోమీద చేయి తిరిగిన ఫిట్టర్లు ఏటేటా పదవీ విరమణ చేస్తున్నారు. రింగు సందును చూపుతో గాక చేతితో పసిగట్టగల విద్య పుస్తకాలలో లేదు. మ్యూజియం ఇంజను పక్కన అటువంటి విశ్రాంత ఫిట్టరును వారానికొకసారి కూర్చోబెట్టి, ఇద్దరు యువకులకు పని అప్పగించడానికి అయ్యే ఖర్చు ఏటేటా రంగు వేయడానికయ్యే ఖర్చుకన్న ఎక్కువేమీ కాబోదు. ఈ పని ఈ దశాబ్దంలో జరగవలసినది. తరువాత చేద్దామంటే నేర్పేవారు ఉండరు.

పునరుద్ధరించిన ఇంజనును ఎంత తరచుగా నడపాలన్నదానిపై అపోహలున్నాయి. ప్రతి ఆదివారం ఐదు నిమిషాలు తిప్పి ఆపడం మేలని చాలమంది అనుకుంటారు. ఇది నడపకపోవడంకన్న హానికరం. చల్లని ఇంజనులో ఇంధనం పూర్తిగా మండదు. మండని డీజిలు గోడలవెంట జారి నూనెను పలుచన చేస్తుంది. దహనంలో పుట్టిన నీటిఆవిరి వేడి చాలక లోపలనే నీరై నిలుస్తుంది. నెలకొకసారి అయినా సరే, నీరు, నూనె పని ఉష్ణోగ్రతకు చేరి, కొంత బరువు లాగేవరకు నడపాలి. నిర్మాణ స్థలాలలో జనరేటర్లను కాపలా కాసేవారికి ఈ సంగతి అనుభవంలో ఉన్నదే: బరువు లేకుండా గంటల తరబడి తిరిగిన జనరేటరు పొగగొట్టంనుంచి నల్లని జిడ్డు కారుతుంది. అంత సౌకర్యం లేని మ్యూజియం అసలు స్టార్టు చేయకుండా, సిలిండర్లలో సంరక్షక నూనె చిమ్మి, బ్రష్షులను రాగి పలకలపైనుంచి ఎత్తి కట్టి, తేమను పీల్చే రసాయనపు సంచులు లోపల వేలాడదీసి, చేతితో మాత్రం నెలకొకసారి తిప్పుతూ, ప్రతిసారీ క్రాంకు షాఫ్టును వేరొక స్థానంలో ఆపి ఉంచడం ఉత్తమం.

ఇంజనును జరిపేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. మోటారు బరువులో సగం ఇరుసుపైనే బేరింగుల మీద ఆని ఉంటుంది. ఆ బేరింగులకు నూనె ఒత్తుల ద్వారా అందుతుంది. ఏళ్ళ తరబడి ఎండిన ఒత్తులతోనే ఇంజనును మరొక ఊరికి లాగించుకుపోతే దారిలోనే బేరింగు కరుగుతుంది. లాగే ముందు ఒత్తులను తీసి, ఉతికి, నూనెలో నానబెట్టి తిరిగి పెట్టడం ఒక పూట పని.

చివరిగా పొగగొట్టం. ఇంజను ఆపి, అరగంట చల్లారనిచ్చి, పరీక్షా రంధ్రాలు మళ్ళీ తెరిచి, ఒక చుట్టు చేతితో తిప్పి, పొగగొట్టం నోటిపై రేకుమూత వేసి తీగతో కట్టాలి. కట్టినట్లు డ్రైవరు సీటు ఎదుట ఎర్ర అక్షరాలతో చీటీ వేలాడదీయాలి. మరునాడు వచ్చేవాడు మూత సంగతి మరచి స్టార్టు చేయకుండా ఉండడానికి అది.